బొబ్బిలి కథ, కొసొవో గాథ: రెండు యుద్ధాలు, రెండు జ్ఞాపకాలు

ఉత్తరాంధ్రలో బొబ్బిలి కథ వినని పల్లె ఉండదు. బొబ్బిలి అన్న పేరు ఎలా వచ్చిందో మాత్రం కొద్దిమందికే తెలుసు. సంస్థానం వారి చరిత్ర ఇలా చెబుతుంది. 1652 ప్రాంతంలో గోల్కొండ కుతుబ్ షాహీల ఫౌజ్‌దారుగా ఉన్న షేర్ ముహమ్మద్ ఖాన్ వెంట పెద్దరాయుడు అనే వెలమ నాయకుడు శ్రీకాకుళం సీమకు వచ్చాడు. తాను కట్టిన కోటకు యజమాని పేరు పెట్టాలని అనుకున్నాడు. షేర్ అంటే పులి. అందుచేత ఆ కోట "పెద్దపులి" అయింది. జనం నోట అదే పెబ్బులి, బెబ్బులి, చివరకు బొబ్బిలి అయింది. ఆ ఫౌజ్‌దారు కొలువులోనే పూసపాటి వారి పూర్వికుడు కూడా ఈ ప్రాంతానికి వచ్చాడు. ఆ వంశమే తరువాత విజయనగర సంస్థానాన్ని స్థాపించింది. అంటే తరువాతి కాలంలో ఒకరినొకరు నాశనం చేసుకున్న రెండు రాజవంశాలూ ఒకే ముస్లిం అధికారి నీడన మొలకెత్తాయన్నమాట.

షేర్ ముహమ్మద్ ఖాన్‌ను ఆదర్శపురుషుడిగా చూపడం నా ఉద్దేశం కాదు. శ్రీకాకుళంలో 1641లో జామియా మసీదు కట్టించినవాడు ఆయనే. ఆలయాలను పడగొట్టాడన్న అపఖ్యాతి కూడా ఆయన పేరునే అంటిపెట్టుకొని ఉంది. చరిత్రకారుడు ఈ రెండింటినీ చెప్పాలి. కానీ ఆయనకు ఈ నేలతో ఉన్న సంబంధం ఆ రెండింటితో ముగియలేదు. ఒక తెలుగు వీరగాథకు పేరైన ఊరిలో ఆయన పేరు ఇంకా దాగి ఉంది.

ఈ వ్యాసంలో ఆ గాథను, దానికి చాలా దూరాన బాల్కన్ దేశమైన సెర్బియాలో పుట్టిన మరొక గాథను పక్కపక్కన పెట్టి చూడదలచాను. రెండూ ఓటమిని పాడిన పాటలే. రెండింటిలోనూ ముస్లిములు ఎదుటి పక్షాన కనిపిస్తారు. ఒక పాట జనానికి వినోదంగా, ఆత్మగౌరవంగా మిగిలింది. రెండవ పాట మన కాలంలోనే వేలమంది ముస్లిముల హత్యకు సాకుగా వాడబడింది. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నది తెలుగు ముస్లిం పాఠకులకు కేవలం పాండిత్య విషయం కాదు.

1757 జనవరి 24

1753లో నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళంతో సహా ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చివేశాడు. శ్రీకాకుళం ఫౌజ్‌దారు జాఫర్ అలీ దీనికి ఒప్పుకోలేదు. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజును కలుపుకొని ఫ్రెంచివారిని ఎదిరించాడు. కొద్దికాలానికే విజయరామరాజు పక్షం మారి ఫ్రెంచి సేనాని బుస్సీకి ఆప్తుడయ్యాడు. పొరుగున ఉన్న బొబ్బిలి రంగారావుతో ఆయనకు పాత పగ ఉంది. బుస్సీ సైన్యం బొబ్బిలి మీదికి నడవడానికి ఆ పగే ప్రధాన కారణం.

1757 జనవరి 24న, అంటే హిజ్రీ 1170లో, కోట ఫిరంగుల దెబ్బలకు కూలింది. ఇక నిలవలేమని తేలిపోయాక కోటలోని స్త్రీలు, పిల్లలు శత్రువు చేత చిక్కకుండా తమవారి చేతనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. రంగారావు పోరాడుతూ మరణించాడు. ఆయన పసికొడుకు బతికి బయటపడ్డాడు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలో చొరబడి ఆయనను చంపి, తానూ మరణించాడు. కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ ఈ ఘటనను ఆ శతాబ్దంలోనే గ్రంథస్థం చేశాడు.

ఈ యుద్ధంలో ఎవరు ఎవరి వైపు ఉన్నారో గమనించండి. ఒక వైపు వెలమలు. మరొక వైపు క్షత్రియ రాజు, ఫ్రెంచి సేనాని, ఆ సేనాని దివానుగా ఉన్న హైదర్ జంగ్. అసలు బుస్సీని మొదట అడ్డుకున్నవాడు ఒక ముస్లిం ఫౌజ్‌దారు, ఆయనకు తోడు నిలిచినవాడు ఒక హిందూ రాజు. మతం గీసిన గీత ఇక్కడ ఎక్కడా కనిపించదు.

అయినా చాలా కథనాలలో హైదర్ జంగ్ విజయరామరాజు సొమ్ముకు లోబడి బుస్సీని తప్పుదారి పట్టించినవాడిగా కనిపిస్తాడు. నా చిన్నతనంలో పాతపట్నంలో ఒక రాత్రి జంగం కథ వింటుండగా పక్కనున్న తోటి పిల్లవాడు, "మీవోడే గదరా హైదర్ జంగు!" అని నవ్వాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కథ ముగిసిన తరువాత ఆ ముసలి కథకుడికి ఎవరో ఈ మాట చెప్పినట్లున్నారు. ఆయన తంబుర కిందపెట్టి, "జీతం తిన్నోడికి మతమేటి బాబూ! బుస్సీ జీతం తిన్నాడు, బుస్సీ పని సేసినాడు" అన్నాడు. ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ల తరువాత, సెర్బియా చరిత్ర చదివినప్పుడు తెలిసివచ్చింది.

కొసొవో మైదానం

1389 జూన్‌లో, హిజ్రీ 791లో, కొసొవో మైదానంలో ఉస్మానీ సుల్తాన్ మొదటి మురాద్‌కూ సెర్బు ప్రభువు లాజార్‌కూ యుద్ధం జరిగింది. ఇద్దరూ ఆ రోజే మరణించారు. మురాద్ స్మారక సమాధి ప్రిష్టినా పట్టణం దగ్గర నేటికీ ఉంది. కొత్త పంచాంగం ప్రకారం ఆ తేదీ జూన్ 28. సెర్బులు దానిని "విదొవ్‌దాన్" అనే పర్వదినంగా జరుపుకుంటారు.

సెర్బుల పాటలో లాజార్ భూమిమీది రాజ్యాన్ని కాదని స్వర్గరాజ్యాన్ని కోరుకున్న అమరవీరుడు. మిలోష్ ఒబిలిచ్ సుల్తాన్‌ను పొడిచిన సాహసి. వూక్ బ్రాంకొవిచ్ ద్రోహి. పాట ప్రకారం ఆ సాయంత్రంతో సెర్బియా అస్తమించింది.

చరిత్ర అంత సూటిగా లేదు. బ్రాంకొవిచ్ ద్రోహానికి సమకాలీన సాక్ష్యం లేదు. సెర్బియా ఆ రోజుతో అంతరించనూ లేదు. లాజార్ కుమార్తె ఒలివెరా సుల్తాన్ బాయజీద్ భార్య అయింది. లాజార్ కుమారుడు స్టెఫాన్ బాయజీద్‌కు సామంతుడయ్యాడు. 1402లో అంకారా యుద్ధంలో తైమూరును ఎదిరించి బాయజీద్ పక్షాన గట్టిగా పోరాడినవారిలో ఈ స్టెఫాన్ ఒకడు. చివరి సెర్బు రాజధాని స్మెదెరెవో ఉస్మానీల వశమైంది 1459లో, అంటే కొసొవో యుద్ధానికి 70 ఏళ్ల తరువాత.

ఆ యుద్ధ కాలంలో జీవించి ఉన్న మహాచరిత్రకారుడు అల్లామా ఇబ్నె ఖల్దూన్ తన "ముఖద్దిమా"లో ఒక సూత్రం చెప్పాడు. చేతికందిన ప్రతి కబురునూ అలాగే రాసుకుంటూ పోవడం చరిత్ర కాదు, ఆ కబురు లోకస్వభావానికి సరిపోతుందా లేదా అని తూచి చూడాలి అన్నది దాని సారం. మదరసాలో మేము దీనిని పాఠంగా చదివాము. ఈ తూనికకు లొంగనిది యుద్ధగాథే. ఎందుకంటే పాటకు వీరుడు, ద్రోహి, శత్రువు అన్న ముగ్గురు చాలు. బావమరిదిగా మారిన శత్రువుకు అందులో చోటు ఉండదు.

1804: తిరుగుబాటు ఎవరి మీద?

సెర్బుల స్వాతంత్ర్య పోరాటం 1804లో మొదలైంది. దీని మూలకారణం మన పాఠకులు తప్పక తెలుసుకోవలసినది. బెల్‌గ్రేడ్ వజీరుగా ఉన్న హాజీ ముస్తఫా పాషా రైతులపట్ల దయగా ఉండేవాడు. సెర్బులు ఆయనను "సెర్బుల తల్లి" అని పిలుచుకునేవారు. సుల్తాన్ ఆజ్ఞను ధిక్కరించిన జానిసరీ నాయకులు 1801లో ఆయనను చంపి అధికారాన్ని చేజిక్కించుకున్నారు. వీరిని దాహీలు అంటారు. రైతులు తిరగబడతారన్న భయంతో వీరు 1804 ఆరంభంలో సెర్బు గ్రామపెద్దలను వరుసగా చంపించారు. అప్పుడే ఒరాషాట్స్ గ్రామంలో రైతులు కరాజోర్జే అనే పశువుల వ్యాపారిని నాయకుడిగా ఎన్నుకున్నారు. మొదట వారి పోరు సుల్తాన్ మీద కాదు, సుల్తాన్ మాట వినని దాహీల మీద. అంటే ఒక న్యాయపాలకుడైన ముస్లింను చంపిన దుర్మార్గులైన ముస్లిముల మీద.

తరువాత పోరు ముదిరి ఉస్మానీ రాజ్యంతోనే యుద్ధం అయింది. 1809లో నీష్ పట్టణం దగ్గర హతులైన సెర్బు యోధుల పుర్రెలతో పాషా ఒక గోపురం కట్టించాడు. అందులో 952 పుర్రెలు పొదిగారు. ఇప్పుడు 58 మిగిలి ఉన్నాయి. పుర్రెల గోపురం కట్టించినవాడు మనవాడని దానిని సమర్థించే పని మనకు లేదు. తిరుగుబాటు 1813లో అణగిపోయింది. 1815లో మిలోష్ ఒబ్రెనోవిచ్ నాయకత్వంలో మళ్లీ లేచింది. 1830లో స్వయంపాలన, 1867లో బెల్‌గ్రేడ్ నుంచి ఉస్మానీ దండు నిష్క్రమణ, 1878 బెర్లిన్ సమావేశంలో పూర్తి స్వాతంత్ర్యం వరుసగా వచ్చాయి.

ఈ విముక్తికి మరొక ముఖం ఉంది. సెర్బియా పట్టణాలలో తరతరాలుగా ఉన్న ముస్లిములు ఇళ్లు, దుకాణాలు, మసీదులు విడిచి వెళ్లిపోవలసి వచ్చింది. ఒకప్పుడు మినార్లతో నిండిన బెల్‌గ్రేడ్‌లో ఆ కాలపు మసీదులలో నేడు నమాజు జరిగేది 1575 ప్రాంతపు బైరక్లీ మసీదు ఒక్కటే.

వూక్, గిడుగు

సెర్బుల పాటలను కాగితం మీదికి ఎక్కించినవాడు వూక్ కరాజిచ్ (1787–1864). చర్చి పండితుల గ్రాంథిక భాషను కాదని, పల్లె జనం మాట్లాడే మాటే రాతభాష కావాలని ఆయన వాదించాడు. 1814లో వ్యాకరణం, 1818లో నిఘంటువు వెలువరించాడు. పండితులు ఆయనను ఎగతాళి చేశారు. సెర్బియా ప్రభుత్వం ఆయన లిపిసంస్కరణను పూర్తిగా అంగీకరించింది 1868లో, ఆయన మరణించిన నాలుగేళ్లకు.

పాతపట్నం వారికి ఈ కథ కొత్తగా తోచదు. మహేంద్రతనయ ఒడ్డునే ఉన్న పర్లాకిమిడిలో, వూక్ మరణానికి ఏడాది ముందు పుట్టిన గిడుగు రామమూర్తి (1863–1940) ఇదే పని చేశారు. అక్కడ ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చి దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. వ్యావహారిక తెలుగు కోసం పండితులతో పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరి పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మీరు చదువుతున్న ఈ వ్యాసభాష ఆయన పెట్టిన భిక్షే.

వూక్ నిఘంటువులో ఒక విశేషం ఉంది. జనం నోట నలిగిన అరబీ, ఫారసీ, తుర్కీ పదాలను ఆయన తీసిపారేయలేదు. సెర్బు రైతు నేటికీ జేబును "జెప్" అంటాడు, చక్కెరను "షెచెర్" అంటాడు, సబ్బును "సాపున్" అంటాడు, దుకాణాన్ని "దుచాన్" అంటాడు. తెలుగు రైతుకు ఈ మాటలు అర్థం చెప్పనక్కరలేదు. అక్కడి ప్రేమగీతాలను "సెవ్‌దా" అంటారు. అది మన ఉర్దూ కవులు వాడే "సౌదా" మాటే.

పాటలోనూ అంతే. ఆ భాషలో ప్రపంచానికి మొదట తెలిసిన పాట "హసనాగినీత్సా". గాయపడి పడి ఉన్న హసన్ ఆగాను చూడడానికి లజ్జవల్ల వెళ్లలేకపోయి తలాకు పొందిన ముస్లిం ఇల్లాలి కథ అది. అన్న బలవంతం మీద మరో పెళ్లికి వెళుతూ దారిలో తన పిల్లలను చూసి గుండె పగిలి చనిపోతుంది. 1774లో అది అచ్చయితే, జర్మన్ మహాకవి గేటె దానిని అనువదించాడు. 1935లో అమెరికా పండితుడు మిల్మన్ ప్యారీ బియేలో పోల్యే పట్టణంలో అవ్దో మెజెదొవిచ్ అనే ముస్లిం గాయకుడి నోట 12,000 పంక్తులకు పైబడిన వీరగాథను రాయించుకున్నాడు. అవ్దో మాంసం కొట్టే వృత్తివాడు, చదువురానివాడు. హోమర్ కావ్యాలు ఎలా పుట్టి ఉంటాయో విద్వాంసులు ఇటువంటి గాయకులను చూసి గ్రహించారు. గుస్లె అనే ఆ ఒంటితీగ వాద్యం క్రైస్తవుడి చేతిలోనూ ముస్లిం చేతిలోనూ ఒకే విధంగా పలికింది.

పాట తెరకెక్కిన తరువాత

కాలం మారి పాట రచ్చబండ నుంచి వెండితెరకు చేరింది. సెర్బియాలో తొలి కథాచిత్రం 1911లో తీసిన కరాజోర్జే జీవితం. కొసొవో యుద్ధం మీద 1989లో, సరిగ్గా 600 ఏళ్లకు, పెద్ద చలనచిత్రం వచ్చింది. గూచా అనే చిన్న ఊరిలో 1961 నుంచి జరిగే బాకాల జాతర దేశదేశాలవారిని ఆకర్షించింది. 1990 దశకంలో "టర్బో ఫోక్" అనే హోరు పాటలు టెలివిజన్‌ను ఆక్రమించాయి. వాటి రాగాలలో తుర్కీ బాణీ స్పష్టంగా వినిపిస్తుంది. తురుష్కులను ద్వేషించమని చెప్పిన కాలమే తురుష్కుల బాణీకి చిందులు వేసింది.

మన వైపు బొబ్బిలి కథ జంగాల తంబుర నుంచి వేదం వేంకటరాయశాస్త్రి నాటకానికి, అక్కడి నుంచి 1964 నాటి "బొబ్బిలి యుద్ధం", 1986 నాటి "తాండ్ర పాపారాయుడు" చిత్రాలకు వచ్చింది. మధ్యలో బుర్రకథ ఉంది. బుర్రకథ పితామహుడిగా తెలుగువారంతా గౌరవించిన షేక్ నాజర్ (1920–1997) గుంటూరు సీమ దూదేకుల ఇంటి బిడ్డ. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన గొంతులో విని తెలుగు జనం కన్నీరు పెట్టుకున్నారు. 1986లో పద్మశ్రీ పొందారు. బొబ్బిలి కథ ఒక ముస్లిం నోట వినడం ఏ శ్రోతకూ ఎబ్బెట్టుగా తోచలేదు. అవ్దోకు మన దేశంలో జోడీ ఎవరంటే నాజర్ అనే చెప్పాలి.

పాట ఆయుధమైనప్పుడు

1989 జూన్ 28న కొసొవో మైదానంలో లక్షలాది జనం ముందు సెర్బు నాయకుడు స్లొబొదాన్ మిలొషెవిచ్ ప్రసంగిస్తూ మళ్లీ యుద్ధాలు తప్పకపోవచ్చునని సూచించాడు. 1992లో బోస్నియా యుద్ధం మొదలైంది. ఆ దేశంలోని ముస్లిములు సెర్బులు మాట్లాడే భాషే మాట్లాడే స్లావులు. అయినా వారికి పాటలోని "తురుష్కులు" అన్న పేరు అంటగట్టారు. బోస్నియా సెర్బు నాయకుడు రాదొవాన్ కరాజిచ్ స్వయంగా కవి. గుస్లె పట్టుకొని కెమెరా ముందు కూర్చున్నాడు. 1995 జులై 11న స్రెబ్రెనిత్సా పట్టణంలో ప్రవేశించిన సేనాని రాత్కో మ్లాదిచ్, దాహీల మీది తిరుగుబాటును గుర్తుచేస్తూ, తురుష్కుల మీద పగ తీర్చుకునే సమయం వచ్చిందని కెమెరా ముందే పలికాడు. కొద్ది రోజులలో 8,000 మందికి పైగా పురుషులను, బాలురను చంపారు. అంతర్జాతీయ న్యాయస్థానాలు దీనిని జాతి నిర్మూలనగా నిర్ధారించాయి. కరాజిచ్‌కు, మ్లాదిచ్‌కు యావజ్జీవ శిక్ష పడింది.

ఆ జులైలో నేను మదరసా విద్యార్థిని. ఫజ్ర్ నమాజులో ఖునూతె నాజిలా చదివేవాళ్లం. బోస్నియా ఎక్కడుందో మాకు పటంలో చూపినవారు లేరు. దాహీలు ఎవరో, వారు చంపిన హాజీ ముస్తఫా పాషా ఎవరో తెలియదు. మ్లాదిచ్‌కు తెలియలేదా అంటే, తెలిసినా అతనికి అక్కరలేదు. 1804లో పోరాడిన రైతులు ఒక న్యాయపాలకుడి హంతకుల మీద లేచారు. 1995లో చనిపోయిన బాలురు ఎవరినీ చంపినవారు కారు. 191 ఏళ్ల దూరాన్ని, ఇంత తేడానూ "తురుష్కులు" అన్న ఒక్క మాట మాయం చేసింది.

న్యాయం కోసం మరొక మాట కూడా చెప్పాలి. 2004 మార్చిలో కొసొవోలో అల్బేనియన్ గుంపులు సెర్బుల చర్చిలను, మఠాలను తగలబెట్టాయి. దానికి బదులుగా బెల్‌గ్రేడ్‌లో బైరక్లీ మసీదుకు, నీష్‌లో మరొక మసీదుకు నిప్పు పెట్టారు. మరోవైపు బెల్‌గ్రేడ్ వీధులలో స్రెబ్రెనిత్సా మృతుల కోసం ఏటేటా నల్లదుస్తులతో మౌనంగా నిలబడిన సెర్బు స్త్రీలు ఉన్నారు. సెర్బియా శాసనసభ 2010లో ఆ నేరాన్ని ఖండించింది, జాతి నిర్మూలన అన్న మాట మాత్రం వాడలేదు.

తేడా ఎక్కడ?

బొబ్బిలి పాట ఇటువంటి దారి ఎందుకు పట్టలేదు? నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది, శత్రువును ఒక మతంగా కుదించడం మన కథకుడికి సాధ్యం కాలేదు. విజయరామరాజు, బుస్సీ, హైదర్ జంగ్ ముగ్గురూ వేరువేరు జాతులవారు. రెండవది, ఏ ప్రభుత్వమూ దానిని తన జన్మపత్రికగా చేసుకోలేదు. 19వ శతాబ్దపు సెర్బు రాజ్యం కొసొవో గాథను పాఠ్యపుస్తకంగా, సైనిక ప్రతిజ్ఞగా మార్చింది. బొబ్బిలి వారసులు మాత్రం సంస్థానాన్ని తిరిగి పొంది విజయనగరం వారి పొరుగునే బతికారు. బొబ్బిలి రాజా 1932లో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి కూడా అయ్యారు. మూడవది, కథ చెప్పేవారిలో నాజర్ వంటి వారు ఉన్నారు.

మూడవ కారణానికి ఒక సవరణ అవసరం. అవ్దో వంటి గాయకులు అక్కడా ఉన్నారు, అయినా ఆపద తప్పలేదు. కనుక గాయకులు కలిసి ఉండడం ఒక్కటే చాలదు. మొదటి రెండు కట్టలు తెగితే మూడవది ఒంటరిగా నిలవదు. బొబ్బిలి కథను కులప్రతిష్ఠకు వాడుకున్నవారు ఇప్పటికే ఉన్నారు. రేపు ఎవరైనా అందులో నుంచి బుస్సీని, విజయరామరాజును తీసివేసి హైదర్ జంగ్‌ను మాత్రమే మిగిల్చితే అది వేరే పాట అవుతుంది.

అప్పుడు మనం చేయవలసింది పాటను నిషేధించమని కేకలు వేయడం కాదు. హైదర్ జంగ్ పచ్చి పుణ్యాత్ముడని వాదించడం అంతకన్నా కాదు. ఒక జనం మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశం మనకు అనుకూలమైన చరిత్రకూ వర్తిస్తుంది. పుర్రెల గోపురాన్ని ఒప్పుకోగలిగినవాడే బైరక్లీ మసీదు గురించి మాట్లాడగలడు. జాఫర్ అలీ పేరు, షేర్ ముహమ్మద్ ఖాన్ పేరు, హాజీ ముస్తఫా పాషా పేరు మన పిల్లలకు చెప్పాలి. పొరుగువారి పిల్లలకూ చెప్పాలి. ఆ పేర్లు తెలిసి ఉంటే ఆ రాత్రి పాతపట్నంలో నేను తల దించుకోవలసిన పని ఉండేది కాదు. నా బదులు ఆ మాట ఒక జంగం కథకుడు చెప్పాడు. అటువంటి కథకులు ఎల్లకాలం దొరుకుతారని అనుకొని కూర్చోవడం మంచిది కాదు.